మన్యపు భూమియు మైదానపు కాగితమును

పాడేరు ప్రాంతమున ఎకరము చౌకగా దొరకునని విని, స్టాంపు కాగితముపై వేలిముద్రలు వేయించుకొని, సొమ్ము చెల్లించి, భూమి తమదైనదని నిశ్చింతగా నుండు పెద్దమనుష్యులు మన కోస్తా పట్టణములలో లేకపోలేదు. అట్టివారికి మేము మొదటనే చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఆ కాగితము చెల్లదు. సాక్షులెందఱున్నను, ఎంత సొమ్ము చేతులు మారినను చెల్లదు. ఒక్క విక్రయమే కాదు. కౌలు, తాకట్టు, దానము, మార్పిడి, ఇవి యన్నియు ఆ నిషేధమునకు లోబడినవే.

మైదానమున మనకు తెలిసిన న్యాయము వేఱు. రిజిష్టరు దస్తావేజు, మునసబు కోర్టు, సాక్షులు, డిక్రీ, అమలు: ఇదియే మనమెఱిగిన మార్గము. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను 1839లోనే కంపెనీవారు సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా జేసి యాతని చేతికప్పగించిరి. కొండవారిపై కరుణచేత జేసిన పని యని మేమనము. కొండలలో అలజడులు చెలరేగుచుండుటచే పాలనము సాగుటకై జేసిన పని. ఐనను ఆ వేఱుపాటు నేటికిని నిలిచియున్నది. ఇచ్చటి సివిలు వ్యాజ్యములు 1924 నాటి ఏజెన్సీ నిబంధనల ననుసరించి నడచుచు వచ్చినవి.

సాహుకారు అప్పు కొండభూమిని మ్రింగుట క్రొత్త విషయము కాదు. 1879లో రంపలో తిరుగుబాటు లేచుటకు గల కారణములలో, వర్తకులు కొండవారి యజ్ఞానము నాధారముగా గొని పొందిన డిక్రీలును, వానిచేత జరిగిన జప్తులును ఉన్నవి. 1917 నాటి చట్టము వడ్డీని నూటికి సాలునకు ఇరువదినాలుగుగా నిర్ణయించి, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు, ఏజెంటు అనుమతి లేక కొండజాతివాడు పరులకు భూమి నీయరాదనియు శాసించినది. శాసనమున్నది, భూములును పోయినవి. అనుమతి యనునది తలుపు వంటిది; తాళము చెవి ఎవరి చేతనుండునో వారిని మంచి చేసికొనుట వర్తకునకు అసాధ్యము కాదు.

కావుననే 1959లో ఒకటవ రెగ్యులేషను వచ్చినది. అదియు చాలలేదు. గిరిజనేతరుడు మఱియొక గిరిజనేతరునకు అమ్ముటకు అందు అడ్డు లేకుండెను. మొదట చేతులు మారిన భూమి పిదప యథేచ్ఛగా తిరుగాడినది. 1970లో ఆ సందును మూసిరి. నాటినుండి షెడ్యూల్డు ప్రాంతమునందు ఎవరు గాని గిరిజనేతరునకు భూమి బదిలీ చేసిన చెల్లదు. అంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి: గిరిజనేతరుని స్వాధీనమున నున్న భూమి గిరిజనునినుండియే వచ్చినదని చట్టము తలంచును, కాదని ఋజువు చేయు భారము స్వాధీనదారునిదే. చదువు రాని వాడు పత్రము చూపలేడు, చదువుకొన్నవాడు చూపగలడు. భారమును మోయగలవాని భుజముపై నుంచుట న్యాయమే యని మా యభిప్రాయము. 1988లో సుప్రీముకోర్టును ఈ రెగ్యులేషను రాజ్యాంగసమ్మతమే యని నిర్ణయించినది. 1997లో సమత వ్యాజ్యమున, అనంతగిరి కొండల గనుల విషయమై, ప్రభుత్వము సైతము తన భూమిని గిరిజనేతరులకు కౌలునకీయరాదని తీర్పు చెప్పినది.

చట్టమింత గట్టిది. చిక్కు చట్టము వ్రాసినచోట లేదు. ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు వద్ద విచారణ, దానిపై ఏజెంటగు కలెక్టరునకు అప్పీలు, పిమ్మట ప్రభుత్వమునకు రివిజను, కడపట హైకోర్టు. ప్రతి మెట్టునను స్టే యనునది యొకటి కాచుకొనియుండును. గిరిజనుడు గెలిచెననియే యనుకొందము. గెలుపు కాగితము చేతికి వచ్చును, పొలము రాదు. సర్వేయరు రావలెను, హద్దులు చూపవలెను, పంచనామా వ్రాసి స్వాధీనము చేయవలెను, అడంగలులో పేరు మారవలెను. ఇందేదియొకటి తప్పినను, తొలకరికి పాత ఆసామియే మరల నాగలి కట్టును. అంతకంటె సూక్ష్మమైన యుపాయమును గలదు: పేరు గిరిజనునిది, పంట ఇంకొకరిది. బినామీని పట్టుకొనుటకు కచేరి రికార్డు చాలదు. సంతనాడు ధాన్యము ఎవరి యింటికి పోవుచున్నదో ఊరివారి నడుగవలెను. కోనేరు రంగారావు అధ్యక్షతను నేర్పడిన భూకమిటీ 2006 నాటి నివేదికలో గిరిజనభూముల సమస్యకు ప్రత్యేకస్థానము నిచ్చినది. ఇక 2022లో పాడేరు జిల్లాకేంద్రమైనది. కచేరి దగ్గరకు వచ్చినను, విచారణ ఊరికి రాకున్న ప్రయోజనము కొంచెమే. పొలముగట్టుమీద పదిమంది యెదుట అడిగిన ప్రశ్నకు వచ్చు సమాధానము వేఱు. బోనులో భయపడుచు చెప్పు సమాధానము వేఱు.

1970నకు పూర్వమే న్యాయముగా భూమి పొంది, తరతరములుగా నచ్చటనే కాపురమున్న గిరిజనేతర కుటుంబములు కొన్ని గలవు. అవసరము వచ్చినచో వారికి అమ్ముకొనుట కష్టము. కొనగల గిరిజనుడు లేనప్పుడు ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసికొనుటకు రెగ్యులేషనులో దారి యున్నది. ఆ దారిని వాడుకలోనికి దెచ్చుట న్యాయము. వారి యిబ్బందిని చూపి తలుపులన్నియు తెఱువుమని కోరుట న్యాయము కాదు.

మఱి పోడు భూముల మాట. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2007 డిసెంబరు 31 నుండి అమలునకు వచ్చినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండ, హక్కుపత్రము లభించును. అది వారసులకు సంక్రమించును గాని అమ్మకమునకు పనికిరాదు. కాఫీయు మిరియమును పండు ఈ వాలుకొండలలో చెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అన్నదమ్ములు వేఱుపడునప్పుడు తగవు మట్టికంటె చెట్టుమీదనే ఎక్కువ. అమ్మకమును నిషేధించు రెగ్యులేషను ఈ యింటి తగవుల జోలికి పోదు. వీనిని కులపెద్దలు, గ్రామసభ తీర్చవలసినదే. తీర్చినదానిని అప్పుడే కాగితమున వ్రాసి రెవెన్యూవారిచేత నమోదు చేయింపవలెను. ఆ హక్కుపత్రమునందు భార్యాభర్తల యిద్దరి పేర్లును ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. పంపకము వ్రాయునాడు ఆమె పేరు అందున్నదో లేదో బిగ్గరగా చదివి వినిపించుట ఏ గ్రామసభకును భారము కానేరదు.