లినక్స్ వేయిస్తే వైరస్ రాదా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఆదోని, ఎమ్మిగనూరుల్లోని డీటీపీ షాపులు, నెట్ సెంటర్లు, ఇళ్లలో పాత కంప్యూటర్లు ఉన్నవారికి ఇది తలనొప్పే. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అప్పుడు వచ్చే సలహా ఒకటే: "లినక్స్ వేయించు భాయ్, దానికి వైరస్సే రాదు."

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2017 మేలో వాన్నాక్రై వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోనూ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అది విండోస్‌లోని లోపం గుండా దూరింది కాబట్టి లినక్స్, మ్యాక్ వాడేవారు తప్పించుకున్నారు. ఈ రెండింటికీ మూలం యూనిక్స్ పద్ధతి. ఒకే యంత్రాన్ని పదిమంది వాడుకునేలా పుట్టింది కనుక ఎవరి గది వారిదే. సిస్టమ్‌లో చెయ్యి పెట్టాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది.

అలాగని దెబ్బ తగలకుండా లేదు. 2012లో ఫ్లాష్‌బ్యాక్ సుమారు 6 లక్షల మ్యాక్‌లకు సోకింది. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును దొంగ కాపీకి తిప్పారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది కాబట్టి సరిపోయింది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. పాస్‌వర్డ్ కాపాడేది సిస్టమ్‌ను. హజ్ దరఖాస్తుకు స్కాన్ చేసిన పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్ కోసం ఇచ్చిన ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఉండేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. మనం తెరిచిన దొంగ ప్రోగ్రాం మన పేరు మీదే నడుస్తుంది. వాటిని చదవడానికి దానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. అది లినక్స్ అయినా అంతే.

షాపువాళ్లకు ఇంకో చిక్కు. ఉర్దూ పెళ్లికార్డులు చేసే ఇన్‌పేజ్ విండోస్ కోసం తయారైంది, లినక్స్‌లో నేరుగా నడవదు. దాని కోసం పాత విండోస్‌నే ఉంచుకుంటే నెట్ తీసేయడం మేలు. ఎందుకంటే ఇన్‌పేజ్ ఫైళ్లలోనే దాడి కోడ్ పెట్టి పంపుతున్నారని 2016లో క్యాస్పర్‌స్కై బయటపెట్టింది. క్రాక్ కాపీ వాడేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

లినక్స్ వేయించుకునేవారు అధికారిక సైట్ నుంచే తీసుకోవాలి, అప్‌డేట్లు ఆపకూడదు. నెట్ సెంటర్‌లో కస్టమర్లకు వేరే అకౌంట్ పెట్టి, పని కాగానే స్కాన్లు చెరిపించాలి. ఓటీపీ మనమే చెప్పేస్తే ఏ సిస్టమూ ఆపలేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.