ఫ్యాక్టరీ పోయింది, జమీను మిగిలింది: కేంద్రం భూమి ఊరి చేతికి ఎలా వస్తుంది?

ఒక పెద్ద ప్రభుత్వ కర్మాగారం మూతపడింది. భవనాలు కూల్చేశారు. చెత్తంతా తీసేశామని అధికారులు చెప్తున్నారు. ఆ భూమిని ఇప్పుడు స్థానిక నగరపాలనకు ఇస్తామంటున్నారు. వినడానికి మంచి వార్తే. కానీ రేపు ఆ మట్టిలో విషం బయటపడితే జిమ్మేదారి ఎవరిది? శుభ్రం చేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇచ్చినవాళ్లా, తీసుకున్నవాళ్లా?

ఈ ప్రశ్నలకు అమెరికాలో చట్టంలోనే జవాబు రాసి పెట్టారు. అది ఆచరణలో ఎలా నడుస్తుందో చూడాలంటే టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ ఊరి కథ తెలుసుకోవాలి.

రైతుల భూమి, బాంబుల ఫ్యాక్టరీ

1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అమెరికా ప్రభుత్వం అక్కడ సుమారు 59,000 ఎకరాలు తీసుకుంది. సుమారు 3,000 మంది ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాల్సి వచ్చింది. కొందరికి ఇచ్చిన గడువు కొన్ని వారాలే. భూమి ఎందుకు తీసుకుంటున్నారో కూడా వాళ్లకు చెప్పలేదు. అణుబాంబు తయారీకి అని యుద్ధం చివర్లో గానీ తెలియలేదు. హిరోషిమా మీద వేసిన బాంబులోని యురేనియంను శుద్ధి చేసింది ఓక్ రిడ్జ్‌లోనే.

అక్కడ కట్టిన ప్లాంట్లలో ఒకదాని పేరు కె-25. ఇంగ్లీషు 'యూ' అక్షరం ఆకారంలో అర మైలు పొడవున, 44 ఎకరాల్లో కట్టిన ఒకే భవనం అది. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద భవనం. తర్వాత దాని పక్కన అలాంటివే మరో నాలుగు వచ్చాయి. 1985లో యురేనియం శుద్ధి ఆపేశారు. 1987లో ప్లాంటును శాశ్వతంగా మూసేశారు.

మూసినంత మాత్రాన పని అయిపోలేదు. పైపుల్లో యురేనియం అవశేషాలు, గోడల్లో ఆస్బెస్టాస్, భూగర్భజలంలో యంత్రాలు కడగడానికి వాడిన రసాయనాలు మిగిలాయి. 1989లో ఓక్ రిడ్జ్ ప్రాంతాన్ని దేశంలోని అత్యంత కలుషిత స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. కె-25 భవనం కూల్చివేత 2013 చివర్లో ముగిసింది. ఐదు పెద్ద భవనాల్లో చివరిదైన కె-27ను 2016లో పడగొట్టారు. 2020 అక్టోబరుకు మొత్తం 500కు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. అంటే ప్లాంటు మూతపడిన తర్వాత 33 ఏళ్లు పట్టింది. అది కూడా నేల మీద ఉన్నవాటిని తీసేయడానికే. మట్టి, నీళ్ల పని ఆ తర్వాత కూడా సాగింది.

దస్తావేజులో రాయాల్సిన మాటలు

అసలు విషయం ఇక్కడుంది. అమెరికాలో 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం, విషపదార్థాలు ఉన్న భూమిని కేంద్ర ప్రభుత్వం ఇంకొకరికి ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ దస్తావేజులో కొన్ని విషయాలు తప్పకుండా రాయాలి.

ఒకటి: అక్కడ ఏ విషపదార్థం నిల్వ చేశారు, ఎంత, ఎప్పుడు, శుభ్రం చేయడానికి ఏం చేశారు అన్న వివరాలు. 

రెండు: చేయాల్సిన శుద్ధి పని అంతా అప్పగింతకు ముందే చేశాం అన్న హామీ. 

మూడు: అప్పగించిన తర్వాత ఇంకా ఏదైనా పాత కాలుష్యం బయటపడితే ఆ పని కూడా కేంద్ర ప్రభుత్వమే చేస్తుంది అన్న పూచీ. 

నాలుగు: ఆ పని కోసం ప్రభుత్వ సిబ్బందికి ఆ భూమిలోకి వచ్చే హక్కు.

అన్నిటిలోకీ మూడోది ముఖ్యం. భూమి చేతులు మారినా పాపం చేతులు మారదు అని దాని అర్థం. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏ చిన్న ఊరూ అలాంటి భూమిని తీసుకోవడానికి ధైర్యం చేయదు. ఫ్యాక్టరీ పెట్టడానికి ఏ కంపెనీ రాదు, ఏ బ్యాంకూ అప్పివ్వదు.

శుద్ధి పూర్తికాకముందే ఇచ్చే దారి కూడా ఉంది. కానీ జాతీయ జాబితాలో ఉన్న స్థలమైతే దానికి పర్యావరణ సంస్థ ఆమోదం కావాలి, రాష్ట్ర గవర్నర్ ఒప్పుకోవాలి. స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చి, జనం అభిప్రాయం చెప్పడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. అంటే నలుగురు అధికారులు గదిలో కూర్చుని సంతకాలు పెట్టుకుంటే సరిపోదు.

'శుభ్రం' అంటే ఎంత శుభ్రం?

చాలామంది పొరబడేది ఇక్కడే. శుభ్రం చేసిన భూమి అంటే పొలంలాంటి భూమి కాదు. కె-25 దగ్గర ప్రధాన ప్రాంతంలో మట్టిని పరిశ్రమల వాడకానికి సరిపడేలా 10 అడుగుల లోతు వరకు శుభ్రం చేయాలని నిర్ణయించారు. అక్కడ ఫ్యాక్టరీ కట్టవచ్చు. ఇల్లు కట్టి పిల్లల్ని ఆడించడానికి అది సరిపోదు. భూగర్భజలం వాడకూడదు. లోతుగా తవ్వడానికీ ఆంక్షలు ఉన్నాయి. ఈ షరతులు దస్తావేజుతో పాటే వెళ్తాయి, తర్వాత కొన్నవాళ్లకూ వర్తిస్తాయి. కాలుష్యం కొంత మిగిల్చిన చోట ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష చేసి, జాగ్రత్తలు పనిచేస్తున్నాయా లేదా చూడాలి.

ఊరికి దక్కింది ఏంటి?

కేంద్ర ప్రభుత్వ భూమి మీద స్థానిక సంస్థలకు ఆస్తి పన్ను రాదు. ఊరి పక్కన వేల ఎకరాలున్నా ఖజానాకు ఉపయోగం తక్కువ. అందుకే భూమి తిరిగి రావాలని స్థానికులు గట్టిగా కోరారు. 1995లో అక్కడ భూముల పునర్వినియోగం కోసం ఒక స్థానిక సంస్థ ఏర్పడింది. కేంద్ర ఇంధన శాఖ ముక్కలు ముక్కలుగా భూమిని ఆ సంస్థకు ఇస్తే, అది పరిశ్రమలకు ఇస్తోంది. రోడ్లు, నీటి సరఫరా, మురుగునీటి వ్యవస్థ, ఫైర్ స్టేషన్ నగరపాలన చేతికి వచ్చాయి. 2020 నాటికే సుమారు 1,300 ఎకరాలు చేతులు మారాయి. పాత కె-33 భవనం ఉన్న చోట ఒక ప్రైవేటు కంపెనీ కొత్త తరహా ప్రయోగాత్మక అణు రియాక్టర్ కట్టడానికి 2023 డిసెంబరులో అనుమతి వచ్చింది.

అయితే రోడ్లూ పైపులూ తీసుకుంటే వాటి మరమ్మతు ఖర్చూ నెత్తిన పడుతుంది. పన్ను వచ్చేది పరిశ్రమ వచ్చాకే. ఇక 1942లో ఊరు విడిచిన కుటుంబాలకు ఆ పొలాలు తిరిగి రాలేదు. వీట్ అనే ఆ పాత ఊరికి ఇప్పుడు ఆనవాళ్లుగా ఒక చర్చి, సమాధులు మిగిలాయి. వాటిలో బానిసలుగా బతికిన నల్లజాతి వారి సమాధుల స్థలం కూడా ఉంది.

మనకెందుకు ఇదంతా?

హైదరాబాద్‌కు ఈ ప్రశ్న దూరం కాదు. బాలానగర్‌లోని ఐడీపీఎల్ కేంద్ర ప్రభుత్వ మందుల కంపెనీ. దాన్ని మూసేసి, భూములను ప్రభుత్వ సంస్థలకు అమ్మాలని కేంద్ర కేబినెట్ 2016 డిసెంబరులో నిర్ణయించింది. అప్పటి నుంచి ఆ భూముల గురించి ఎప్పుడు మాట వచ్చినా ఎకరం ధర ఎంత, కబ్జా ఎంత అనే చర్చే ఎక్కువ. మట్టి పరీక్ష సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. పరిశ్రమల వ్యర్థాలు చెరువుల్లో, బోర్లలో కలిస్తే ఏమవుతుందో పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1984 గ్యాస్ దుర్ఘటన జరిగిన భోపాల్ ఫ్యాక్టరీలో పడి ఉన్న 337 టన్నుల వ్యర్థాలను అక్కడి నుంచి కదిలించడానికి 2025 జనవరి దాకా పట్టింది.

మన దేశంలోనూ కలుషిత స్థలాల నిర్వహణకు 2025 జులైలో కొత్త నియమాలు వచ్చాయి. అనుమానిత స్థలాలను జిల్లా స్థాయిలో గుర్తించడం, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించడం, కాలుష్యానికి కారణమైనవాళ్లతోనే ఖర్చు పెట్టించడం వాటిలో ఉన్నాయి. కాగితం మీద ఇది మంచి మొదలు. దాన్ని అమలు చేయించాలంటే బస్తీవాళ్లు, కార్పొరేటర్లు అడగాల్సిన ప్రశ్నలు అడగాలి. మీ దగ్గర పాత ఫ్యాక్టరీ భూమి చేతులు మారుతోందని తెలిస్తే ఇవి అడగండి:

– అక్కడ ఏమేం తయారయ్యాయి, వ్యర్థాలు ఎక్కడ వేశారు?
– మట్టి, నీళ్ల పరీక్ష ఎవరు చేశారు, రిపోర్టు జనానికి చూపిస్తారా?
– శుభ్రం చేసింది ఫ్యాక్టరీల కోసమా, ఇళ్ల కోసమా, బడి కోసమా?
– రేపు ఏదైనా బయటపడితే ఖర్చు ఎవరిదో దస్తావేజులో రాశారా?
– ఐదేళ్ల తర్వాత మళ్లీ వచ్చి చూసేది ఎవరు?

వీటికి రాతపూర్వకంగా జవాబు ఉంటే ఆ భూమి ఊరికి ఆస్తి. లేకపోతే పట్టాతో పాటు పాత అప్పు కూడా మన పేరు మీదకు వచ్చినట్టే. ఆ అప్పును తీర్చేది డబ్బుతో కాదు, అక్కడ ఉండేవాళ్ల ఆరోగ్యంతో.