బిడ్డ ఎవరికి అని కాదు, బిడ్డకు ఏది మేలు అని

"బాబుకి ఐదేళ్లు నిండితే తండ్రికి అప్పగించెయ్యాలటగా అండీ?" విడాకుల వాయిదాకు వచ్చిన తల్లి భయంభయంగా లాయరును అడిగే ప్రశ్న ఇది. తండ్రి అడిగేది మరొకటి: "బిడ్డను కళ్లజూడనివ్వనప్పుడు నేను డబ్బెందుకు కట్టాలండీ?" రెండు ప్రశ్నల వెనకా నిజమైన బాధ ఉంది. అయితే వీటికి బంధువులూ పెద్దమనుషులూ చెప్పే జవాబులు వేరు, చట్టం చెప్పే జవాబులు వేరు. ఆ తేడా తెలియకపోతే మధ్యన నలిగేది బిడ్డే.

ఐదేళ్ల మాట ఎక్కడిది?

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో ఉంది. తండ్రి సహజ సంరక్షకుడనీ, ఆయన తర్వాత తల్లి అనీ చెబుతూ, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అందులో రాశారు. ఐదు నిండితే తండ్రికి ఇచ్చి తీరాలని మాత్రం రాయలేదు. అది జనం నోట పుట్టిన మాట. అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. కాబట్టి ఐదు దాటిన బిడ్డ తల్లి దగ్గరే పెరగవచ్చు. తల్లి దగ్గర క్షేమం లేదని తేలితే మూడేళ్ల పసివాణ్ణి కూడా తండ్రికి అప్పగించవచ్చు. "తండ్రి తర్వాత తల్లి" అన్న మాటకు కూడా 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం సరిచేసింది. తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన బిడ్డ బాగోగులు పట్టించుకోని పరిస్థితిలో కూడా తల్లి సహజ సంరక్షకురాలేనంది.

ముస్లిం కుటుంబాల్లో చిన్నపిల్లలను దగ్గర పెట్టుకుని పెంచే తల్లి హక్కును హిజానత్ అంటారు. హనఫీ సంప్రదాయంలో అది అబ్బాయికి ఏడేళ్లదాకా, అమ్మాయికి యుక్తవయసు వచ్చేదాకా ఉంటుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలో ఏర్పాటుంది. మతం ఏదైనా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టుకు వెళ్లవచ్చు.

కోర్టు ఏం చూస్తుంది?

బిడ్డ వయసెంత, ఇన్నాళ్లూ ఎవరి చేతిలో పెరిగింది, బడి ఎక్కడ, ఆరోగ్యం ఎలా ఉంది, ఆ ఇంట్లో తాగుడో కొట్టడమో ఉందా, అన్నాచెల్లెళ్లను విడదీయాల్సి వస్తుందా అని చూస్తుంది. జీతం ఎక్కువున్నంత మాత్రాన బిడ్డను ఇచ్చెయ్యరు. డబ్బు లోటును భరణంతో పూడ్చవచ్చు, దగ్గరుండి సాకే మనిషి లోటును పూడ్చలేం. బిడ్డకు ఊహ తెలిసిన వయసైతే జడ్జి తన గదిలోకి పిలిచి మాట్లాడవచ్చు. ఆ మాటలు ముందురాత్రి బట్టీ పట్టించి పంపకండి. అమ్మ వద్దు, నాన్న వద్దు అని పిల్లల నోట పలికించడం వాళ్ల గుండెకు చేసే గాయం.

కస్టడీ ఒకరికి వచ్చిందంటే రెండోవారి బంధం తెగిపోయినట్టు కాదు. వారాంతాల్లో కలవడం, సెలవుల్లో కొన్నాళ్లు తీసుకెళ్లడం, దూరాన ఉంటే వీడియో కాల్‌లో మాట్లాడడం వంటి ఏర్పాట్లను కోర్టు ఉత్తర్వులో రాస్తుంది. ఆ ఉత్తర్వు రాతిమీద గీత కూడా కాదు. పరిస్థితులు మారితే మళ్లీ పిటిషన్ వేసి మార్పు కోరవచ్చు.

భరణం ఎంత, ఎలా?

ఇన్ని వేల జీతానికి ఇంత అని చట్టంలో పట్టికేమీ లేదు. 2020 నవంబరులో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పుడు దారి చూపుతోంది. దాని ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో పెట్టాలి. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, బడి ఫీజు, ట్యూషన్ అన్నీ బిడ్డ ఖర్చు కిందికే వస్తాయి. తల్లి కూడా తగినంత సంపాదిస్తుంటే ఇద్దరూ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చు. భరణం పిటిషన్ వేసిన నాటి నుంచే లెక్క. అందుకే బడి రసీదులు, మందుల బిల్లులు, జీతం స్లిప్పులు మొదటి రోజు నుంచీ దాచుకోండి.

విడాకులు తేలేదాకా ఆగనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కేసు నడుస్తుండగానే బిడ్డ పోషణకు, చదువుకు మధ్యంతర భరణం అడగవచ్చు. వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని తేల్చాలి. భరణానికి మరో దారైన పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 144గా మారింది. దాని కింద ఏ మతం వారైనా అడగవచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా కట్టకపోతే వారంటు, ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు ఉండవచ్చు. అయితే బాకీ పడ్డ ఏడాదిలోపే దానికి దరఖాస్తు చేయాలి. స్తోమత లేదని వెనకాడకండి. ఆదాయం ఎంతైనా మహిళలకు, పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

భరణానికీ, బిడ్డను చూడడానికీ ముడి పెట్టకండి

ఇప్పుడు తండ్రి ప్రశ్నకు వద్దాం. భరణం బిడ్డ హక్కు. ఇద్దరి ప్రేమా పొందడం కూడా బిడ్డ హక్కే. డబ్బు రాలేదని చూపించకపోయినా, చూపించలేదని డబ్బు ఆపినా, అవతలివారి మీద కోపంతో బిడ్డ సొమ్మునే ఎగవేసినట్టు. డబ్బు రాకపోతే భరణం అమలుకు పిటిషన్ వెయ్యాలి. చూపించకపోతే ఉత్తర్వు అమలుకు పిటిషన్ వెయ్యాలి. దేని దారి దానిదే. "నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు" అని తల్లి రాజీ కాగితం మీద సంతకం పెట్టినా, బిడ్డకు రావాల్సిన దాన్ని వదులుకునే అధికారం ఆమెకు లేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన కుటుంబాలకు మరో హెచ్చరిక. రెండోవారికి చెప్పకుండా బిడ్డను తీసుకుని విమానమెక్కితే గొడవ రెండు దేశాల కోర్టులకెక్కుతుంది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వును ఇక్కడి కోర్టు పరిగణిస్తుంది గానీ, చివరికి బిడ్డ మేలునే తూచి చూస్తుంది.

పరస్పర అంగీకారంతో విడిపోయేవారు ఒప్పందాన్ని విడమరచి రాసుకోవడం మంచిది. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ దించాలి, ఫీజు పెరిగితే ఎవరెంత, పాస్‌పోర్టు ఎవరి దగ్గర అన్నీ రాయండి. సంక్రాంతి ఈ ఏడు అమ్మ దగ్గర, వచ్చే ఏడు నాన్న దగ్గర అని కూడా రాయండి. కాగితం మీద ఆ ఒక్క వాక్యం ఉంటే, "పండక్కి ఎవరింటికి వెళ్తావురా?" అని పిల్లవాణ్ణి ఎవరూ అడగనక్కర్లేదు.