పోయివచ్చినవారి మాట

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైలు లేని దినములలో పుట్టిన మాట యిది. త్రోవలో మంచినీరు ఎక్కడ దొరకునో, ఏ యేటిని ఏ రేవున దాటవలెనో, ఏ గ్రామమున బియ్యము పప్పు అమ్ముదురో తెలియక బయలుదేరినవాడు తిరిగివచ్చునన్న నమ్మకము ఇంటివారికి ఉండెడిది కాదు. అట్టి కాలమున, 1830వ సంవత్సరము మే నెలలో, చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ప్రధాన ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పరివారముతో కాశీయాత్రకు కదలిరి. కడప, హైదరాబాదు, నాగపురము, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీలు చూచుకొని, సముద్రతీరపు దారిని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి.

దారిపొడవునను తాము చూచిన సంగతులను వారు తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళగారికి వ్రాసి పంపుచు వచ్చిరి. ఏ మజిలీ ఎంత దూరము, బాట యెట్టిది, దిగుటకు చోటున్నదా, అంగళ్ళున్నవా, నీరు మంచిదా అను విషయములన్నియు అందు కలవు. వీరాస్వామయ్యగారు గతించిన పిదప, 1838లో, ఆ వ్రాతలు "కాశీయాత్ర చరిత్ర"యను పేర అచ్చైనవి. నేడు మనము దానిని చరిత్ర కొరకు చదువుచున్నాము. ఆనాడు ప్రయాణము తలపెట్టినవానికి అది త్రోవ చెప్పు తోడు.

పోయివచ్చినవారి మాటకు గల విలువ నేటికిని తగ్గలేదు. పటములు, పట్టికలు ఎన్ని యున్నను, ఘట్టపు మెట్లు ముసలివారు దిగగలరా, తెల్లవారుజామున రైలు దిగినచో ఆ వేళకు గది దొరకునా యను ప్రశ్నలకు సమాధానము చూచి వచ్చినవాడే చెప్పవలెను. పూర్వము చుట్టములను, పొరుగువారిని అడిగెడివారము. నేడు చేతనున్న ఫోనులో ముక్కు మొగము తెలియనివారి అనుభవములు సయితము వందలకొలదిగా చదువవచ్చును. సలహాకు కొరత లేదు. ఆ సలహాను ఎట్లు అడుగవలెను, ఎట్లు తూచవలెను అన్నదే మనము నేర్వవలసిన విద్య.

ఇందుకు నా యనుభవమునే చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట మా తల్లిగారిని కాశికి తీసికొని పోదలచితిని. ఆమెకు డెబ్బది నాలుగేండ్లు. తెల్లవారు వేళ పడవలో కూర్చుండి అసి మొదలు మణికర్ణిక వరకు ఘట్టములన్నియు చూడవలెనని ఆమె చిరకాలపు కోరిక. మా పొరుగున నున్న మిత్రుడు అంతకు ముందే పోయివచ్చినాడు. "పడవవాండ్రు ఒడ్డుననే ఉందురు, ఉదయము అయిదు గంటలకు పొండు, చాలును" అని చెప్పినాడు. ఆ మాట నమ్మి భాద్రపదములో బయలుదేరితిమి. మేము చేరునప్పటికి గంగ పొంగి యున్నది. దిగువ మెట్లన్నియు నీటిలో మునిగినవి. ఒక ఘట్టమునుండి మరియొక ఘట్టమునకు నడచు దారియే లేదు. పడవలను అధికారులు నిలిపివేసినారు. మా తల్లిగారు పై మెట్టున కూర్చుండి, నేను చెంబుతో తెచ్చిన నీరు తలపై చల్లుకొని, "ఇంతే ప్రాప్తము" అన్నది. మరల ఆమెకు కాశికి పోవు అవకాశము కలుగలేదు.

నా మిత్రుడు అబద్ధమాడలేదు. అతడు పోయినది కార్తికమాసములో. అతడు చూచిన గంగ ప్రశాంతముగానే యున్నది. "మీరు ఏ నెలలో పోయినారు?" అను ఒక్క ప్రశ్న నేను అడుగలేదు. తప్పు చెప్పినవానిది కాదు, అడుగనివానిది. యాత్రికుని మాట అతడు పోయిన కాలమునకు, అతని శరీరమునకు, అతని సంచికి సత్యము. ఆ మూడును మనకు సరిపడునా యని చూచుకొనవలసిన భారము మనది.

కనుక మొదటి ప్రశ్న "ఎప్పుడు?" అన్నది. ఇందులో రెండు భాగములు కలవు: ఏ సంవత్సరము, ఏ ఋతువు. సంవత్సరము ఏల అడుగవలెను? వీరాస్వామయ్యగారు పోయిన నాడు ప్రయాగలోను గయలోను కుంపిణీవారు యాత్రికులవద్ద పన్ను వసూలు చేయుచుండిరి. 1840లో ఆ పన్ను రద్దయ్యెను. పుస్తకము అచ్చయిన రెండేండ్లకే ఆ విషయమున పాతబడెనన్నమాట. మన కాలమునను అంతే. "మొగల్ సరాయిలో దిగుడు" అని పెద్దవారు చెప్పుదురు. ఆ స్టేషను పేరు 2018లో పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షనుగా మారినది. మండువాడీహ్ స్టేషను 2021లో బనారస్ అయినది. ఇరుకు సందులలో తిరిగి తిరిగి విశ్వనాథుని గుడి చేరవలెనని ఒకరు చెప్పినచో, వారు 2021 డిసెంబరుకు పూర్వము పోయినవారని యెంచవచ్చును. ఆ నెలలో తెరచిన విశాలమైన నడవ గంగ యొడ్డునుండి ఆలయమునకు తిన్నగా దారి తీయుచున్నది. రైలు టిక్కెట్టును నాలుగు నెలలు ముందుగా కొనుడని చెప్పినవారిది కూడ పాత మాటయే. 2024 నవంబరు 1వ తేదీనుండి ఆ గడువు 120 దినములనుండి 60 దినములకు తగ్గినది.

ఇక ఋతువు. డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరదేశమున మంచు దట్టముగా కప్పును; రైళ్ళు గంటలకొలది ఆలస్యమగును. మే, జూను నెలలలో వడగాడ్పు. ఆగస్టు, సెప్టెంబరులలో వరద. కార్తిక పూర్ణిమనాడు దేవదీపావళికి ఘట్టములు దీపములతో వెలుగును గాని, కాలు మోపుటకు చోటుండదు. 2025లో జనవరి 13 మొదలు ఫిబ్రవరి 26 వరకు ప్రయాగలో మహాకుంభమేళా జరిగినది. ఆ దినములలో పోయినవారు చెప్పు రద్దీని, ధరలను మామూలు దినములకు కొలతగా తీసికొనరాదు.

పాత సమాచారము వలన కాశిలో నిరాశయే కలిగినది. కొండలలో ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. కేదారనాథమునకు గౌరీకుండమునుండి పదునాలుగు కిలోమీటర్ల నడక యనియు, నడుమ రామ్‌బాడాలో విశ్రమింపవచ్చుననియు వెనుకటివారు చెప్పుదురు. 2013 జూను వరదలో రామ్‌బాడా కొట్టుకొనిపోయినది. తరువాత మందాకిని ఆవలి యొడ్డున క్రొత్త దారి వేసినారు. నడకయు సుమారు 16 కిలోమీటర్లకు పెరిగినది. ఆలయము సముద్రమట్టమునకు మూడువేల అయిదువందల మీటర్లకు పైన నున్నది. గుండెజబ్బు గలవారిని, వృద్ధులను వెంటబెట్టుకొని, పాత లెక్కతో బయలుదేరినవాడు చీకటిపడు వేళకు కొండదారి నడుమ చిక్కుకొనును. ఇట్టి చోట్లకు పోవునప్పుడు పోయిన సంవత్సరపు మాట చాలదు. పోయిన వారపు మాట కావలెను.

రెండవ ప్రశ్న "ఎవరు?" అన్నది. ఇరువదియైదేండ్ల యువకుడు "దగ్గరే, నడచి పోవచ్చును" అన్న దూరము మోకాళ్ళ నొప్పులున్న వృద్ధురాలికి దగ్గర కాదు. అయిదుగురు మిత్రులతో పోయినవాడు రాత్రి వేళ భయము లేదనును. ఒంటరిగా పోవు స్త్రీ ఆ మాటను మరియొక స్త్రీనుండియే వినవలెను. పసిబిడ్డ గలవారు పసిబిడ్డతో పోయివచ్చినవారిని అడుగవలెను. మనవంటివారు చెప్పిన ఒక్క మాట, మనవంటివారు కానివారు చెప్పిన పదిమాటల కంటె మేలు.

మూడవ ప్రశ్న "చూచినదా, విన్నదా?" అన్నది. "అక్కడ అందరును మోసగాండ్రేనట" అనువాడు తాను మోసపోయినాడా, మరియొకడు చెప్పగా విన్నాడా? "ట" అను అక్షరము చేరిన మాటను ప్రక్కన పెట్టవలెను. సలహా చెప్పువానికి అందు లాభమున్నదేమో కూడ చూడవలెను. ఫలానా వసతిగృహమే మంచిదని, ఫలానా బండిలోనే పోవలెనని అడుగకయే చెప్పువానికి అందులో భాగముండవచ్చును.

సలహాదారులలో ఇద్దరు ఇద్దరే మాటలు చెప్పినప్పుడు ఎక్కువమంది యెటు చెప్పిరో లెక్కించుట సరియైన పద్ధతి కాదు. ఎందువలన భేదించిరో అడుగవలెను. దర్శనమునకు అరగంట పట్టినదని ఒకరు, అయిదు గంటలు పట్టినదని ఒకరు చెప్పిరనుకొందము. ఒకరు మామూలు మంగళవారము పోయినవారు, రెండవవారు శ్రావణ సోమవారము పోయినవారు కావచ్చును. అప్పుడు ఇద్దరి మాటయు నిజమే; రెండింటిని కలిపిన పిమ్మటనే మనకు పూర్తి సమాచారము లభించినట్లు.

అడుగు తీరు కూడ ముఖ్యము. "కాశి యెట్లుండును?" అని యడిగినవానికి "బాగుండును" అన్న జవాబే వచ్చును. "మేము నలుగురము. మా తల్లిగారికి డెబ్బదియేండ్లు, మెట్లెక్కలేరు. ఫిబ్రవరిలో అయిదు దినములు ఉందుము. మెట్లు తక్కువగానున్న ఘట్టమునకు దగ్గరలో తెలుగు భోజనము దొరకు సత్రమేదైన కలదా?" అని యడిగినచో, తెలిసినవాడు తెలిసినంత చెప్పును, తెలియనివాడు ఊరకుండును. రెండును మేలే. అడుగుటకు ముందు మనకు తెలియగల సంగతులను మనమే తెలిసికొని యుండవలెను. పరుల కాలమును వ్యర్థపుచ్చరాదు.

అయితే కొన్ని సంగతులను ఎంత ఆప్తుడు చెప్పినను నమ్మి ఊరకుండరాదు. రైలు వేళలు, ఆలయ సమయములు, కేదారనాథము మొదలగు చోట్లకు ముందుగా పేరు నమోదు చేయించుకొను నియమములు, వరద హెచ్చరికలు మారుచుండునవి. వీనిని బయలుదేరుటకు ముందు ఆయా అధికారుల ప్రకటనలలో సరిచూచుకొనవలెను. చిరునవ్వుతో తిండి పెట్టు అంగడి యేదో యాత్రికుడు చెప్పవలెను. బండి వేళ రైల్వేవారు చెప్పవలెను.

ఇట్లు కూడబెట్టిన సలహాలన్నింటిని ఒకే యాత్రలో ఇమిడ్చవలెనను ఆశ కలుగును. కాశినుండి ప్రయాగ సుమారు 120 కిలోమీటర్లు, గయ సుమారు 250 కిలోమీటర్లు. ఒకరు అయోధ్య అందురు, ఒకరు నైమిశారణ్యమందురు. అయిదు దినములలో అన్నియు చుట్టివచ్చినవాడు బండి కిటికీని తప్ప మరేమియు చూడడు. మనవారిలో ఎవరు దేనికొరకు పోవుచున్నారో ముందుగా వారినే అడిగి, దానికి చోటుంచి, ఒక దినమును ఖాళీగా విడువవలెను. రైలు ఆలస్యమైనను, ఒకరికి జ్వరము వచ్చినను ఆ దినము ఆదుకొనును. మా తల్లిగారి యాత్రకు నేను నెల యేర్పరచునప్పుడు నా సెలవు దినములను చూచితిని గాని, ఆమె కోరిన గంగను చూడలేదు.

చివరి మాట. ఇతరుల అనుభవమును వాడుకొని సుఖముగా తిరిగివచ్చినవానికి ఒక ఋణమున్నది. ఇల్లు చేరిన వారములోపల, మరపు రాకముందే, రెండు పుటలైనను వ్రాసిపెట్టవలెను: ఏ నెల, ఏ సంవత్సరము, ఎవరెవరము, ఎంత వ్యయము, ఎక్కడ పొరపడితిమి. తేదీ లేని సలహా చిరునామా లేని జాబు వంటిది. మంచిని మాత్రమే చెప్పి, పొరపాటును దాచుటయు తగదు; తరువాతివానికి ఎక్కువగా ఉపకరించునది మన పొరపాటే. వీరాస్వామయ్యగారు తేదీలతో సహా వ్రాసి పంపినందువలననే, ఆ మాటలలో ఏవి ఆ కాలమునకే చెందినవో, ఏవి నేటికిని నిలుచునవో మనము తెలిసికొనగలుగుచున్నాము. మీ యింటి ప్రక్కవారు వచ్చే భాద్రపదములో కాశికి పోదలచి మిమ్ములను సలహా అడిగినచో, వారు అడుగకపోయినను, మీరు పోయిన నెల యేదో మొదట చెప్పుడు.