వన్నె మాసిన గుండము

అమెరికాలోని యెల్లోస్టోన్ వనము 1872లో జాతీయోద్యానమైనది. అచ్చట భూగర్భపు వేఁడిమిచేఁ గాఁగిన నీరు కొన్నియెడల గుండములై నిలుచును. కొన్నియెడల నిఱుకు బిలములనుండి నూఱడుగులకు మించి యెగయును.

మిక్కిలి వేఁడినీటిలో రంగుల సూక్ష్మజీవులు నిలువఁజాలవు. అందుచే మార్నింగ్ గ్లోరీ యను గుండము పూర్వము పువ్వువలె నచ్చనీలమై యుండెడిది. యాత్రికులు వేడుకకై నాణెములు విసరిరి. బిలము పూడి వేఁడి తగ్గెను. అంచులనుండి పసుపు, నారింజ వన్నెలు లోనికిఁ బ్రాఁకెను. 1950లో అధికారులు గుండమును పొంగించి వేలకొలఁది నాణెములను, చేతిరుమాళ్లను వెలికిఁ దీసిరి. అయినను పూర్వపు వన్నె మరలలేదు.

రైలు గోదావరిని దాఁటునపుడు కాసు వేయుట మనకును వాడుకయే. భక్తితో వేసినను వినోదమునకు వేసినను ఆ గుండమునకు భేదము లేదు. అచ్చటి కేఁగువారు కాసును కొంగున ముడివైచికొని, చెక్కబాట దిగక, కన్నులారఁ గాంచి రండు.