కంటి చుక్కలలో స్టీరాయిడు

కన్ను ఎర్రబడడం అందరికీ అనుభవమైన బాధే. దుమ్ము పడినా, ఎండలో తిరిగినా, నిద్ర చాలకపోయినా, కండ్లకలక సోకినా కన్ను ఎర్రబడుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరికో ఒకరికి బీరువాలో ఉన్న పాత సీసా గుర్తుకు వస్తుంది. “పోయినసారి దీనితోనే తగ్గింది” అంటూ రెండు చుక్కలు వేస్తారు. తెల్లవారేసరికి ఎరుపు విరుగుతుంది, దురద పోతుంది, మందు మంచిదన్న నమ్మకం స్థిరపడుతుంది. అటువంటి సీసాలలో చాలావాటిలో ఉండేది స్టీరాయిడు. అది చేసిన పని ఎర్రదనాన్ని అణచడం. ఎర్రదనాన్ని తెచ్చిన రోగం పోయిందో లేదో అది చెప్పదు. పైగా కన్ను తెల్లగా, హాయిగా ఉన్న ఆ రోజులలోనే లోపల ఒక అపకారం మొదలుకావచ్చు. దాని వలన నొప్పి గాని, మంట గాని ఉండదు. ఈ మందుతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ మందు పుట్టుక వైద్యచరిత్రలో గొప్ప ఘట్టం. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాత రోగులలో ఒక విచిత్రం గమనించాడు. వారికి కామెర్లు వచ్చినప్పుడు, స్త్రీలైతే గర్భవతులైనప్పుడు, కీళ్ల బాధ తగ్గుతున్నది. శరీరంలోనే ఏదో పదార్థం ఈ మేలు చేస్తున్నదని ఆయన ఊహ. అక్కడే పనిచేస్తున్న ఎడ్వర్డ్ కెండాల్ పశువుల అధివృక్క గ్రంథుల నుండి కొన్ని పదార్థాలను వేరుచేసి ఉన్నాడు. మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చుని ఉండే గ్రంథులివి. ఆ పదార్థాలలో ఒకదానిని 1948 సెప్టెంబరులో, కదలడమే కష్టమైన ఒక స్త్రీకి ఇంజెక్షనుగా ఇచ్చారు. కొద్ది రోజులలో ఆమె లేచి నడిచింది. అదే కార్టిసోన్. హెంచ్, కెండాల్, స్విట్జర్లండుకు చెందిన రైక్‌స్టైన్, ఈ ముగ్గురికీ 1950లో నోబెల్ బహుమతి లభించింది.

కంటి వైద్యులు వెంటనే దీనిని అందుకున్నారు. కారణం లేకపోలేదు. కంటి లోపల శోథ, అనగా వాపు, ఎరుపు, నొప్పి కలిసి వచ్చే స్థితి, ఏర్పడితే అంతకు ముందు చేయగలిగినది స్వల్పం. రోగికి కావాలని జ్వరం తెప్పించే ఇంజెక్షన్లు ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అటువంటి చోట ఒక చుక్క మందు పనిచేయడం వైద్యులకు వరం దొరికినట్లయింది. ఆ వరం నేటికీ వరమే. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, ఇవన్నీ ఆ కుటుంబానికి చెందినవే.

చుక్క కంటిలో పడిన తరువాత స్టీరాయిడు అణువులు జీవకణంలోకి చొచ్చుకుపోతాయి. అక్కడ తమకు తగిన గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోకి వెళ్లి, కొన్ని జన్యువులను మేల్కొలిపి, కొన్నింటిని నిద్రపుచ్చుతాయి. దాని ఫలితంగా ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన శోథకారక పదార్థాల తయారీ ఆగిపోతుంది. రక్తనాళాల గోడలు బిగుస్తాయి, తెల్లకణాల రాక తగ్గుతుంది. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. వేసిన అయిదు నిమిషాలకే కన్ను తెల్లబడితే ఆ సీసాలో ఉన్నది బహుశా రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేసే మరొక జాతి మందు. దాని ప్రభావం తీరగానే ఎరుపు మరింతగా తిరిగి రావడం కద్దు. అది వేరే సంగతి.

తెల్లకణాలు రాకుండా ఆపడమంటే ఊరి కావలివాళ్లను ఇంటికి పంపివేయడం వంటిది. గొడవ చేసేది కావలివాళ్లే అయితే ఊరు ప్రశాంతమవుతుంది. దొంగ కూడా ఊళ్లో ఉన్నాడంటే సంగతి వేరు.

పీడనం సంగతి

కంటిగుడ్డు గుండ్రంగా నిలిచి ఉండడానికి లోపల కొంత ఒత్తిడి కావాలి. కంటిలో ఒక పలుచని ద్రవం నిత్యం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. ఊరినంత పోతుంటే ఒత్తిడి సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. స్టీరాయిడు చుక్కలు కొందరిలో ఈ జల్లెడను పూడ్చివేస్తాయి. కణాల మధ్య అనవసరమైన పదార్థం పేరుకుంటుంది. పూడిక పడిన కాలువలో వలెనే ఇక్కడా నీరు వెనక్కు తన్నుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ వెనుకనున్న దృక్‌నాడి తంతువులు చనిపోతాయి. తెలుగునాట నీటికాసులు అని పిలిచే వ్యాధి ఇదే.

కార్టిసోను చుక్కలతో ఒత్తిడి పెరుగుతుందని బెల్జియం వైద్యుడు ఫ్రాన్స్వా 1954లోనే తెలిపాడు. 1963 ప్రాంతంలో అమెరికాలో ఆర్మాలీ, బెకర్ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారుగా దీనిని పరీక్షించారు. నాలుగు నుండి ఆరు వారాల పాటు చుక్కలు వేసి చూడగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి పెద్ద మార్పు రాలేదు. సుమారు మూడవ వంతు మందిలో ఒత్తిడి ఒక మోస్తరుగా పెరిగింది. నూటికి నలుగురు, అయిదుగురిలో మాత్రం ప్రమాదకరంగా ఎక్కింది. ఇది తెచ్చుకున్న స్వభావం కాదు, పుట్టుకతో వచ్చినది. ఇదివరకే నీటికాసులు ఉన్నవారిలోను, తల్లిదండ్రులకు ఆ వ్యాధి ఉన్నవారిలోను ఇది ఎక్కువ. పిల్లలలో ఒత్తిడి మరింత త్వరగా ఎక్కుతుంది. చుక్క వేయకముందు ఫలానా వ్యక్తి ఏ తెగకు చెందినవాడో చూసి చెప్పగలిగిన వారు లేరు. వేసిన తరువాత పరికరంతో కొలిచి తెలుసుకోవలసిందే. అద్దంలో చూసుకుంటే కన్ను తెల్లగానే కనిపిస్తుంది.

ఈ నష్టం ఎక్కువగా ఎవరికి జరుగుతుందో చూస్తే మనసుకు కష్టం కలుగుతుంది. మన వంటి వేడి ప్రాంతాలలో బడి ఈడు పిల్లలకు, వారిలోనూ మగపిల్లలకు ఎక్కువగా, ఎండాకాలంలో విపరీతమైన కంటి దురద వస్తుంది. కళ్లు నులుముకుంటూనే ఉంటారు. తీగలు సాగే పుసి కడుతుంది, వెలుతురు చూడలేరు. రెప్ప తిప్పి చూస్తే లోపల బొడిపెలు కనిపిస్తాయి. ఇది ఒకవిధమైన అలర్జీ. డాక్టరు ఒకసారి స్టీరాయిడు చుక్కలు ఒక వారానికి వ్రాసి ఇస్తాడు. అద్భుతంగా పనిచేస్తుంది. మరుసటి నెల దురద తిరిగి వస్తే తల్లి ఖాళీ సీసా పట్టుకుని మందుల దుకాణానికి వెళుతుంది. ఆ పైన చీటీతో పని ఉండదు. పిల్లవాడు బడికి పోతున్నాడు, కన్ను నులమడం లేదు, తల్లికి అంతకంటె కావలసినదేమున్నది? ఇట్లా రెండు మూడేండ్లు గడుస్తాయి. క్రమంగా చూపు పక్కల నుండి తరిగిపోతుంది. పక్కచూపు తగ్గిన సంగతి పిల్లవాడు చెప్పలేడు, ఎందుకంటే అతనికే తెలియదు. నల్లబల్ల మీది అక్షరాలు కనబడడం లేదని అనేసరికి నాడిలో అధికభాగం పోయి ఉంటుంది. చుక్కలు మానితే ఒత్తిడి చాలామందిలో కొన్ని వారాలలో దిగివస్తుంది. పోయిన నాడీతంతువు మాత్రం తిరిగి మొలవదు. ఇదే మందు దీర్ఘకాలం వాడితే కంటిలోని కటకం వెనుకభాగాన మసక ఏర్పడి శుక్లం కూడా వస్తుంది. శుక్లానికి శస్త్రచికిత్స ఉన్నది గనుక దానిని చిన్న నష్టంగానే లెక్కించవలె.

ఈ పిల్లవాని తల్లిని తప్పుపట్టడం న్యాయం కాదు. చట్టం ప్రకారం ఈ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. సీసా అట్ట మీద ఆ హెచ్చరిక ఉండనే ఉంటుంది, ఇంగ్లీషులో, చీమ తలకాయలంత అక్షరాలతో.

సూక్ష్మజీవులున్న చోట

వరి నూర్పిళ్లలో గింజో, ఊకో, ఆకు అంచో కంటికి తగిలి నల్లగుడ్డు మీది కార్నియా పొర గీరుకుపోవడం పల్లెలలో నిత్యం జరిగేదే. ఆ గీతలోనుండి ఆస్పర్జిల్లస్, ఫ్యుజేరియం వంటి బూజు జాతులు లోనికి దిగుతాయి. దక్షిణ భారతదేశంలో కార్నియా పుండ్లలో బూజు వలన వచ్చేవి చాలా ఎక్కువ. ఇటువంటి కంటిలో స్టీరాయిడు వేస్తే ఒకటి రెండు రోజులు నొప్పి తగ్గి ఎరుపు విరుగుతుంది. లోపల బూజుకు మాత్రం అడ్డు లేకుండా పోతుంది. కొమ్మలు విడిచిన చెట్టు ఆకారంలో కార్నియా మీద పుండు చేసే హెర్పీస్ వైరస్‌తోనూ ఇదే కథ. స్టీరాయిడు తగిలితే ఆ కొమ్మలన్నీ కలిసిపోయి పెద్ద మడుగు వలె పరుచుకుంటుంది.

బాక్టీరియా పుండ్లలో సంగతేమిటని చాలాకాలం వాదం నడిచింది. మచ్చ పడకుండా స్టీరాయిడు తోడ్పడుతుందని కొందరి ఆశ. ముఖ్యంగా తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులలో 500 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అందరికీ ముందు రెండు రోజులు తగిన యాంటిబయాటిక్ వేసి, ఆ తరువాత సగం మందికి స్టీరాయిడు కలిపారు. మూడు నెలలకు చూస్తే మొత్తం మీద చూపులో రెండు తెగలకూ తేడా లేదు. బాగా తీవ్రమైన పుండ్లలో మాత్రం కొంత మేలు కనిపించింది. ఆ పరీక్షలో పుండును గీకి, సూక్ష్మజీవి ఏదో నిర్ధారించుకున్న తరువాతనే చుక్క వేశారన్నది మరవరాదు.

కండ్లకలకకు స్టీరాయిడుతో పనిలేదు. 2023 వానకాలంలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో అనేకచోట్ల కండ్లకలక వ్యాపించినప్పుడు ఇరుగుపొరుగుల మధ్య సీసాలు చేతులు మారాయి. ఈ వ్యాధి సాధారణంగా వైరస్ వలన వచ్చి రెండు వారాలలో తనంతట తగ్గుతుంది. స్టీరాయిడు వేస్తే వైరస్ కంటిలో మరికొన్ని రోజులు నిలుస్తుంది, ఇంకొకరికి అంటే అవకాశమూ పెరుగుతుంది. కార్నియా మీద మచ్చలు పడి చూపు మందగించిన కొద్దిమందికి మాత్రమే వైద్యులు దానిని వ్రాస్తారు. యాంటిబయాటిక్‌తో కలిపి అమ్మే సీసాలు కొన్ని ఉన్నాయి. యాంటిబయాటిక్ ఉన్నది గనుక భయం లేదనుకోవడం పొరపాటు. యాంటిబయాటిక్ బూజును గాని, వైరస్‌ను గాని తాకదు.

వాడవలసిన తీరు

తెల్లగుడ్డు పై పొరలో వచ్చే స్వల్పమైన శోథ, అలర్జీ దురద విపరీతమైనప్పుడు, శుక్లం శస్త్రచికిత్స తరువాత, ఇటువంటి చోట్ల స్టీరాయిడు చుక్క నిజంగా మేలు చేస్తుంది. స్వల్పమైన శోథకు స్వల్పమైన మందే చాలు. ఫ్లోరోమెథలోన్ పై పొరలలోనే ఎక్కువగా ఆగిపోతుంది. లోటెప్రెడ్నాల్ పనిచేసిన తరువాత కంటిలోనే నిర్వీర్యమైపోయేట్లు రసాయనవేత్తలు బుద్ధిపూర్వకంగా నిర్మించిన అణువు. ఈ రెంటితో ఒత్తిడి పెరగడం తక్కువ, బొత్తిగా లేకపోలేదు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లోపలిదాకా చొచ్చుకుపోతాయి. కంటి లోపలి శోథకు అవే కావాలి, పైపై దురదకు అవి అక్కరలేదు.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ వంటివి నీటిలో కరగవు. పొడి రూపంలో అడుగున పేరుకుంటాయి. సీసా బాగా కుదపకుండా వేస్తే మొదటి రోజులలో ఉత్త నీరు, చివరి రోజులలో చిక్కని మందు పడతాయి. చేతులు కడుక్కొని, తల వెనక్కు వాల్చి, కింది రెప్పను కొద్దిగా లాగి, సీసా మూతి దేనికీ తగలకుండా ఒక్క చుక్క వేయవలె. రెండవ చుక్క దండగ. రెప్ప సంచిలో ఒక చుక్కకే చోటు చాలదు, మిగిలినది చెంప మీదికి జారుతుంది. తరువాత కన్ను మూసుకుని, ముక్కు వైపు మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచితే మందు గొంతులోకి దిగిపోకుండా కంటిలోనే నిలుస్తుంది. మరొక చుక్క మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగవలె. కాంటాక్టు లెన్సులు మందు వాడే రోజులలో పెట్టుకోకపోవడం మేలు.

కన్ను తెల్లబడగానే మానివేయడం కూడా చిక్కే. వారాల తరబడి వేసిన మందును ఒక్కసారి ఆపితే అణగియున్న శోథ ఎదురుతిరుగుతుంది. అందుకే శుక్లం శస్త్రచికిత్స తరువాత రోజుకు ఆరుసార్లు, తరువాత నాలుగు, మూడు, రెండు, ఒకటి అని చీటీలో మెట్లు మెట్లుగా వ్రాస్తారు. ఆ చీటీని గోడకు అంటించి, వేసినప్పుడల్లా ఒక గీత గీసుకునే ముసలివారు మరవకుండా వాడుకుంటారు. పది రోజులు మించి వాడవలసి వస్తే కంటి ఒత్తిడి కొలిపించుకోవలె, వాడకం సాగినంతకాలం డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ కొలిపించుకోవలె. ఆ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇంటిలో ఎవరికైనా నీటికాసులు ఉంటే, పూర్వం కంటికి హెర్పీస్ వచ్చి ఉంటే, ఆ సంగతి అడగకపోయినా డాక్టరుకు చెప్పవలె.

కన్ను ఎర్రబడడంతో పాటు నొప్పి ఉన్నా, వెలుతురు భరించలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనిపించినా, ఊక గాని పుల్ల గాని తగిలినా, ఏ చుక్కా వేయకుండా అదే రోజు కంటి డాక్టరును చూడవలె. మూత తెరిచి నెల దాటిన సీసాలో మిగిలిన మందును పారబోసి, ఖాళీ సీసాను కూడా ఇంట్లో ఉంచుకోకుండా పారవేయవలె.