కోళ్ళదొడ్డిలోని దుమ్ము

వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టనిదే మన ఇండ్లలో తెల్లవారినట్లు కాదు. ఆ కళ్ళాపి వలన మన్ను అణగి, ప్రొద్దెక్కువరకు వాకిట ధూళి లేవకుండును. అదే యింటి పెరటిలో, కోళ్ళు తిరుగుచోట, ఇంతటి శ్రద్ధ సాధారణముగా కానరాదు. అక్కడ గడ్డి నిలువదు. మొలచినదానిని కోళ్ళు పొడిచి, గీరి, వేళ్ళతో పెకలించును. మాఘము దాటినది మొదలు మృగశిర వరకు ఆ నేల పిండివలె నలిగియుండి, కోడి రెక్క విదిల్చినప్పుడెల్ల పైకి లేచుచుండును. వేసవి రాత్రులందు ఇంటి పెద్దల మంచములు పడునది తరుచుగా ఆ పెరటిలోనే. కాన ఈ విషయము పెద్దలు ఆలోచింపదగినది.

ఈ దుమ్మును వట్టి మన్నని తలచరాదు. ఎండి పొడియైన రెట్ట, ఈకలనుండి రాలిన పొట్టు, తౌడు, బూజు బీజములు దీనిలో కలసియుండును. కంటికి కనబడు ముతక ధూళి క్షణములలో నేల వ్రాలును. దానివలన అంత భయము లేదు. మిల్లీమీటరులో వెయ్యవవంతును మైక్రాను అందురు. అయిదు మైక్రానులకు లోబడిన నలుసులు విడిగా కంటికి ఆనవు. గాలి కదలని చోట అట్టివి గంటల తరబడి తేలుచుండి, ముక్కులోని రోమములకు చిక్కక ఊపిరితిత్తుల లోతులకు చేరగలవు.

కోడి ఊపిరి తీరు మనది వంటిది కాదు. దాని ఊపిరితిత్తులు మనవానివలె ఉబ్బి తగ్గునవి కావు. వానితో చేరి, కడుపులోనికిని కొన్ని ఎముకలలోనికిని వ్యాపించిన పలుచని గాలితిత్తులు కలవు. పీల్చిన గాలిలో కొంతభాగము తిన్నగా వానిలోనికే పోవును. అక్కడ చేరిన ధూళిని వెడలగొట్టు ఏర్పాటు మిక్కిలి స్వల్పము. అందుచేత దుమ్ములో పెరిగిన పిల్లలకు ముక్కు కారుటయు, గురకయు, తిత్తులలో చీము చేరుటయు సంభవించును. కొక్కెర తెగులు తగిలిన కోడి రెట్టలోను సొంగలోను ఆ తెగులు విషక్రిములు వెలువడును. అవి ధూళితో ఎగిరి తక్కిన కోళ్ళకు సోకవచ్చును. ఆ తెగులునకు టీకాయే రక్ష. దుమ్ము తగ్గించినాము గదా అని టీకా మానరాదు.

మనుష్యుల మాటకు వచ్చినచో, ఉబ్బసము గలవారికి ఈ ధూళి విషమువంటిది. ప్రతిదినము వంగి ఊడ్చు ఆడువారికిని, నేలమీద ప్రాకు పసివారికిని ఇది అందరికంటె ఎక్కువగా తగులును. ఆ దగ్గు చలువ చేసినదని ఇంట చెప్పుకొనుట మామూలు. దొడ్డివైపు చూచువారు తక్కువ.

నీళ్ళు చల్లిన చాలదా యని అడుగవచ్చును. రోహిణి కార్తె ఎండలో చల్లిన నీరు కొంతసేపటికే ఆరిపోవును. ఆరనంత పోసినచో రెట్టయు నీరును కలసి రొచ్చై, కన్నులు మండించు అమోనియా వాయువు పుట్టును. కోడిపిల్లలను చంపు రక్తపారుడు రోగబీజములు పక్వమగుటకు తడియే అనుకూలము. దుమ్మును వదలించుకొనబోయి రక్తపారుడును తెచ్చుకొనుట తెలివి గాదు. ఊడ్చుటకు ముందు పలుచగా చిలుకరించుటకు మాత్రమే నీరు పనికివచ్చును.

అసలు మందు నేలను కప్పుట. పొడిమన్నుకు కోడి గోరు తగులకున్నచో ధూళి లేవదు. మూడు నాలుగు అంగుళముల మందమున ముతకసామగ్రి పరచవలెను. వేరుసెనగ పండు ప్రాంతములలో కాయ తొక్కకు మించినది లేదు. అది తేలిక, తడి పీల్చును, త్వరగా నలుగదు. డెల్టా గ్రామములలో జానెడు జానెడుగా నరికిన వరిగడ్డి, ఎండిన చెరకు ఆకు, రాలిన ఆకులు దొరకును. వడ్ల ఊక మంచిదే గాని, మర నుండి వచ్చునప్పుడు దానిలో తవుటి పొడి కలసియుండును, జల్లించి వాడవలెను. సన్నని రంపపుపొట్టు వాడుట తగదు. అది తానే దుమ్ము. ఏది వేసినను బూజువాసన ఉండరాదు. బూజుపట్టిన గడ్డి పరచుటవలన కోడిపిల్లలు ఊపిరి ఆడక చచ్చును. నల్లరేగడి నేలలో ముందుగా ముతక ఇసుక పోసి, మెరక చేసి, పైన పరుపు వేసిన వానలకు బురద కాదు.

పరుపు తడిని చూచుటకు పనిముట్టు అక్కరలేదు. పిడికెడు తీసి గట్టిగా నొక్కి చేయి విప్పవలెను. ముద్దగా నిలిచెనా, తడి ఎక్కువ, తిరుగవేసి ఎండనీయవలెను. ఏమాత్రము అంటుకొనక అరచేత పొడి మిగిలెనా, మిక్కిలి ఎండినది. కొంచెము నీరు చిలుకరింపవచ్చును. కొద్దిగా అంటుకొని వెంటనే విడిపోయినచో సరిగా ఉన్నట్లు.

కోడి యొక్కింటికి పది చదరపు అడుగుల చోటైన లేనిచో ఏ పరుపును నిలువదు. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయము రూపొందించిన వనరాజ వంటి బరువైన కోళ్ళకు ఇంకను ఎక్కువ విడుచుట మేలు. చోటున్నవారు దొడ్డిని రెండుగా కంచె కట్టి, ఒకదానిలో కోళ్ళను తిప్పుచు రెండవదానిలో గరిక పెంచినచో సగము బాధ దానంతట తీరును. గాలి వీచు వైపున మునగ, అవిసె చెట్లు వేసిన నీడయు కలుగును. తవుడు పెట్టునప్పుడు కొద్దిగా తడిపి, కోళ్ళు అప్పటికప్పుడు తినునంతే పెట్టవలెను, నిలువయున్నది పులియును.

ఇంత చేసినను కోడికి దుమ్ము బొత్తిగా లేకుండ చేయరాదు. మనకు స్నానమెట్లో కోడికి ధూళిలో పొర్లుట అట్లు. దానివలన ఈకలలోని అదనపు జిడ్డు పోవును, కోడిపేలు తగ్గును. పొర్లుటకు చోటు లేని కోడి పరుపునంతయు త్రవ్వి పారవేయును. కావున మంచములకు దూరముగా, గాలి పోవు దిక్కున, ఒక మూల రెండడుగుల చదరమున ఇటుకలు పేర్చి, ఎనిమిదంగుళముల లోతున పొడి ఇసుకమన్ను నింపి, వాన పడకుండ తాటాకు కప్పవలెను.

పరుపు తీయునాడు కోళ్ళను బయటికి తోలి, పలుచగా నీరు చల్లి, ముక్కునకు మాస్కు కట్టుకొని, పారతో ఎత్తవలెను, చీపురుతో విసరరాదు. కోళ్ళు అకస్మాత్తుగా గుంపుగా చచ్చినచో ఊడ్చుటకే పూనుకొనక, పిల్లలను అటు పోనీయక, పశువైద్యశాలకు కబురు పంపవలెను. 2006లో మహారాష్ట్రలోని నవాపురము కోళ్ళలో పక్షిజ్వరము మన దేశమున మొదట బయటపడినది; ఎండిన రెట్ట ధూళితో ఆ రోగము మనుష్యులకును సోకవచ్చును. రోగము లేని దొడ్డినుండి తీసిన పరుపును గోతిలో రెండు మూడు నెలలు మాగనిచ్చి పాదులకు వేయవచ్చును. మృగశిర వానలు పడకముందే పాతది తీసి, నేలను రెండు దినములు ఎండనిచ్చి, క్రొత్తది పరచుట మంచి అదను.